నిట్రాట నిలిస్తేనే గుడారం
సరుగుడు తోట నుంచి డేరా కింది దాకా.. కర్ర రాటగా మారే క్రమమిది

చీరాల: వేసవి సాయంత్రం. పెళ్లివారి వాకిట్లో కాన్వాసు డేరా లేచింది. పక్కన గాడిపొయ్యిలు రగులుతున్నాయి. భోజనాల బంతి సగంలో ఉండగా ఈదురుగాలి మొదలైంది. గుడ్డ ఒక్కసారిగా ఉబ్బింది. మోకులు కిర్రుమన్నాయి. పిల్లలను చంకనెత్తుకుని తల్లులు బయటకు పరుగు తీశారు. కోస్తా పల్లెల్లో ఏటా ఏదో ఒక చోట కనిపించే దృశ్యమే ఇది. గాలి తగ్గాక చూస్తే కొన్ని డేరాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. కొన్ని నేలమట్టమవుతాయి. రెండింటి గుడ్డా ఒకటే కావచ్చు. తేడా ఎక్కువగా కింది రాటల్లోనూ, వాటిని నిలిపిన తీరులోనూ ఉంటుంది.

గుడారపు రాట చూడటానికి నున్నటి కర్ర మాత్రమే. కానీ తోటలో చెట్టును ఎంచుకున్న నాటి నుంచి పైకొసన ఇనుప చువ్వ దిగే వరకు దాని వెనుక నెలల ఓపిక ఉంది. ఆ ఓపికలో ఏ దశను తగ్గించినా ఫలితాన్ని అనుభవించేది డేరా కింద కూర్చున్నవారే.

పేరులోనే పెద్దరికం

తెలుగువారికి రాట కొత్త కాదు. పెళ్లి పనులకు శుభారంభం పందిరి రాటతోనే. విజయనగరం పైడితల్లి అమ్మవారి ఉత్సవాలు సైతం పందిరి రాట వేయడంతోనే మొదలవుతాయి. ఇంటి నడికొప్పును మోసే నిలువు స్తంభాన్ని నిట్రాట అన్నారు. గుడారంలోనూ అదే పేరు, అదే పని. డేరా, రావుటి, పటకుటీరం అంటూ గుడారానికి మన భాషలో పేర్లు ఎన్నో ఉన్నాయి. అక్బరు కాలపు పాలనా వ్యవస్థను వివరించిన అబుల్ ఫజల్ గ్రంథం ‘ఐన్-ఇ-అక్బరీ’లో ‘చోబీన్ రావటి’ అనే డేరా ప్రస్తావన ఉంది. అది 10 స్తంభాల మీద నిలిచేది. స్తంభాలు కొద్దిగా భూమిలోకి దిగి ఉండేవి. వాటిలో రెండు మిగిలిన వాటికన్నా కాస్త ఎత్తు. అడ్డదూలం ఆ రెండింటి మీదే ఆనేది. నాలుగు శతాబ్దాల తర్వాత కూడా సంప్రదాయ గుడారం లెక్క ఇంచుమించు అదే. రెండు నిట్రాటలు, వాటిపై ఒక వెన్నుదూలం, చుట్టూ పొట్టి రాటలు, వాటిని నేలకు కట్టిపడేసే మోకులు, మేకులు.

రాట మోసే బరువేది?

డేరా గుడ్డ బరువును మాత్రమే రాట మోస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అంతకన్నా ఎక్కువ భారం మోకుల నుంచి వస్తుంది. మోకును బిగించిన ప్రతిసారీ అది రాటను పక్కకు లాగడంతో పాటు కిందికీ నొక్కుతుంది. మోకు 45 డిగ్రీల కోణంలో ఉంటే దాని బిగువులో సుమారు 70 శాతం రాటపై కిందికి పడుతుంది. మేకును రాటకు మరీ దగ్గరగా పాతితే మోకు నిటారుగా మారి ఈ భారం ఇంకా పెరుగుతుంది. పక్కకు ఆపే శక్తి తగ్గుతుంది. అందుకే 10 అడుగుల రాటకు దాదాపు 10 అడుగుల దూరంలో మేకు పాతాలన్నది పాత లెక్క.

గాలి ఒత్తిడి గాలి వేగాన్ని అనుసరించి సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై సుమారు 4 కిలోల బరువుతో నెడితే, 60 కిలోమీటర్ల గాలి సుమారు 17 కిలోలతో నెడుతుంది. పది చదరపు మీటర్ల డేరా గోడకు ఆ గాలి ఎదురైతే 170 కిలోల తోపు పడినట్లే. ఆ తోపంతా చివరకు మోకులకు, రాటలకు చేరాల్సిందే.

పై నుంచి నొక్కినప్పుడు సన్నని పొడవాటి కర్ర నలిగిపోదు. నడుము వంచి పక్కకు తప్పుకుంటుంది. ఇక్కడే పొడవు, మందం కీలకం. అదే మందంతో రాట పొడవును రెట్టింపు చేస్తే అది మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. అదే పొడవుతో మందాన్ని రెట్టింపు చేస్తే 16 రెట్లు పెరుగుతుంది. కొయ్య స్తంభం పొడవు దాని మందానికి 50 రెట్లు మించరాదన్నది నిర్మాణ రంగంలో పాటించే హద్దు. ఆ ప్రకారం 10 అడుగుల రాటకు 6 సెంటీమీటర్ల మందం కనీసం ఉండాలి. గాలి, వాన, కర్రలోని చిన్నచిన్న లోపాలను లెక్కలోకి తీసుకుంటే ఏడున్నర నుంచి 8 సెంటీమీటర్లు ఉండటం మేలు.

సరుగుడా.. వెదురా?

కోస్తా తీరంలో రాటకు ముందుగా గుర్తొచ్చేది సరుగుడు. బాపట్ల, ప్రకాశం, నెల్లూరు జిల్లాల ఇసుక నేలల్లో ఈ తోటలు విస్తారంగా ఉన్నాయి. దగ్గరదగ్గరగా నాటిన తోటలో చెట్లు వెలుగు కోసం పోటీపడి నిటారుగా ఎదుగుతాయి. కొమ్మలు తక్కువగా, సన్నగా ఉంటాయి. మూడు నుంచి ఐదేళ్లలో కర్ర నరకడానికి వస్తుంది. కాగితపు మిల్లులకు ఈ కర్రను టన్నుల లెక్కన అమ్ముతారు. అక్కడ తూకమే ప్రధానం, వంకర పెద్ద లోపం కాదు. రాటకు మాత్రం తిన్నగా ఉన్న కర్రే కావాలి. అందువల్ల రాటల కోసం వచ్చేవారు తోట నరికే సమయానికే అక్కడికి చేరి, మోపుల్లోంచి ఏరుకుంటారు.

సరుగుడు గట్టి కర్ర, బరువైన కర్ర. ఆరిన తర్వాత కూడా 8 సెంటీమీటర్ల మందం, 10 అడుగుల పొడవు గల రాట 12 నుంచి 14 కిలోలు తూగుతుంది. నిట్రాటకు ఈ బరువు అడ్డంకి కాదు. అయితే సరుగుడుకు రెండు బలహీనతలున్నాయి. ఎండలో త్వరగా పగుళ్లిస్తుంది. నేలలో పాతితే చెదలు పట్టి, కుళ్లి కొద్దికాలానికే పాడవుతుంది.

వెదురు తేలిక. బోలుగా ఉన్నప్పటికీ బరువుతో పోల్చి చూస్తే దాని బలం ఎక్కువ. మూడేళ్లు నిండిన ముదురు బొంగునే కోయాలి. వానలు ముగిశాక, చలికాలంలో కోసిన వెదురులో పిండిపదార్థం తక్కువగా ఉంటుంది కాబట్టి పుచ్చు పురుగు బెడద తగ్గుతుంది. కోసిన బొంగులను కొన్ని వారాలు నీటిలో నానబెట్టి ఆరబెట్టే అలవాటు వెనుకనున్న కారణమూ ఇదే. నీరు ఆ పదార్థాన్ని చాలావరకు లాగేస్తుంది. సొంత పొలంలో పెంచిన వెదురు కోతకు గతంలో అటవీ చట్టపు చిక్కులుండేవి. 2017లో చేసిన సవరణతో అటవీయేతర భూముల్లోని వెదురును చెట్టు నిర్వచనం నుంచి తొలగించారు.

పచ్చి కర్రతో పేచీ

రాట తయారీలో ఎక్కువమంది తొందరపడేది ఆరబెట్టడంలోనే. అప్పుడే నరికిన కర్ర నిండా నీరుంటుంది. ఆరేకొద్దీ కర్ర అడ్డంగా కుంచించుకుపోతుంది. పొడవులో మాత్రం మార్పు దాదాపు ఉండదు. పచ్చి కర్రకు ఇనుప కట్టు బిగించి ఇస్తే ఆ రోజుకు గట్టిగానే కనిపిస్తుంది. రెండు నెలలు గడిచేసరికి కర్ర సన్నబడి కట్టు వదులవుతుంది. పైగా పచ్చి కర్ర ఆరిన కర్ర కన్నా తేలిగ్గా వంగుతుంది. వంగినది అలాగే ఆరితే ఆ వంకర శాశ్వతం.

నరికిన వెంటనే బెరడు తీయాలి. బెరడు కింద తేమ నిలిచి పురుగుకు నెలవవుతుంది. తర్వాత రెండు కొసలకు పేడ, మైనం లేదా పాత రంగు పూస్తారు. కర్రలోని నీరు కొసల నుంచే వేగంగా బయటకు పోతుంది. కొస ముందు ఎండి, నడుము పచ్చిగా మిగిలితే కొస పగులుతుంది. పూత ఆ వేగాన్ని తగ్గిస్తుంది. ఇక నేలకు తగలకుండా అడ్డకర్రల మీద, గాలి ఆడే నీడలో, వరుసల మధ్య సందు వదిలి పేర్చాలి. పై వరుస మీద బరువు పెడితే కింది కర్రలు తిన్నగా ఆరతాయి. నడివేసవి ఎండలో పడేస్తే పని త్వరగా అయినట్లు కనిపిస్తుంది గానీ పగుళ్లు తప్పవు. రాట మందాన్ని, వాతావరణాన్ని బట్టి ఈ దశకు మూడు నుంచి ఆరు నెలలు కేటాయించడం మంచిది.

ఆరిన కర్రలో చిన్న పగుళ్లు రావడం సహజం. కర్ర పొడవునా తిన్నగా సాగే సన్నని పగులుతో పెద్ద ప్రమాదం లేదు. మెలికలు తిరుగుతూ కర్రను చుట్టుకునే పగులు, అడ్డంగా కనిపించే చీలిక ఉంటే ఆ కర్రను నిట్రాటకు వాడరాదు. మధ్య భాగంలో పెద్ద ముడి ఉన్నా అంతే. నడుము దగ్గరే రాట వంగుతుంది కాబట్టి అక్కడ లోపం ఉండకూడదు.

బాడిశ నుంచి చిత్రిక దాకా

ఎండిన కర్రను వడ్రంగి ముందు ఒక కంటితో కొస నుంచి కొస వరకు చూస్తాడు. చదునైన నేల మీద దొర్లిస్తాడు. వంకర ఉంటే కర్ర సాఫీగా దొర్లదు. బాడిశతో ముడులను, ఎత్తుపల్లాలను చెక్కి, చిత్రికతో నునుపు చేస్తాడు. ముడి చుట్టూ లోతుగా తవ్వకుండా, పైకి పొడుచుకు వచ్చిన మేరకే తీస్తాడు. చుట్టూ నారలు తెగితే ఆ చోటు బలహీనపడుతుంది. చివరకు గరుకు కాగితంతో రుద్దుతాడు. రాట మీద మిగిలిన చిన్న పేడు కూడా గాలికి ఊగే కాన్వాసును గీరి చించుతుంది. మోసేవారి అరచేతులకూ అదే గండం.

మొదలు కాస్త లావుగా, తల కాస్త సన్నగా ఉండటం చెట్టు స్వభావం. దాన్ని పూర్తిగా సమం చేయాలని మొదలు నుంచి ఎక్కువ కర్ర చెక్కడం అనవసరం. నడుము మందం తగ్గకుండా చూసుకుంటే చాలు. తర్వాత అవిసె నూనె పట్టిస్తే తేమ లోపలికి దిగడం నెమ్మదిస్తుంది. పురుగు భయం ఉన్న చోట నూనె పూయడానికి ముందే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో కర్రను నానబెట్టి ఆరబెడతారు.

పొన్ను, చువ్వ.. రెండూ ప్రాణాలే

రాట తలలోకి ఇనుప చువ్వ దిగుతుంది. అది వెన్నుదూలానికి వేసిన రంధ్రంలోంచి, ఆపై గుడ్డకున్న కంటిలోంచి పైకి వస్తుంది. మూడింటినీ ఒకటిగా పట్టి ఉంచేది అదే. చువ్వ కోసం కర్ర తలలో సరిగ్గా నడిమధ్య, నిటారుగా రంధ్రం తొలచాలి. రంధ్రం పక్కకు జరిగితే బరువు ఒక వైపే పడి రాట వంగడానికి దారి తీస్తుంది. చువ్వను నేరుగా సుత్తితో దిగ్గొడితే కర్ర చీలుతుంది.

చీలికను ఆపేది తలకు తొడిగే ఇనుప ఉంగరం. పొన్నుకర్రకు ఉండే పొన్ను లాంటిదే ఇదీ. ఎడ్లబండి చక్రానికి పట్టాను కాల్చి తొడిగినట్లే, కమ్మరి పొన్నును వేడి చేసి కర్రకు దించుతాడు. చల్లారాక అది కుంచించుకుని బిగుసుకుంటుంది. ఆరిన కర్రకే ఈ బిగువు నిలుస్తుంది. ముందు పొన్ను, ఆ తర్వాతే చువ్వ అన్నది మరవకూడని వరుస.

రవాణా సౌలభ్యం కోసం పొడవాటి రాటను రెండు ముక్కలుగా చేసి గొట్టంతో కలుపుతారు. ఈ అతుకును సరిగ్గా నడుము దగ్గర పెట్టరాదు. మూడో వంతు ఎత్తులో పెట్టి, గొట్టంలోకి రెండు ముక్కలూ లోతుగా దిగేలా చూడాలి. గొట్టం వదులుగా ఉంటే అక్కడే రాట మడత పడుతుంది.

వెన్నుదూలం లెక్క వేరు

నిట్రాట మీద బరువు పై నుంచి పడితే, వెన్నుదూలం రెండు కొసల మీద ఆని నడుమ వంగుతుంది. దానికి బిర్రు కావాలి, తేలికదనమూ కావాలి. అందుకే చాలాచోట్ల దూలానికి వెదురు వాడతారు. అయితే బోలు కొసలో రంధ్రం వేస్తే వెదురు నిలువునా చీలిపోతుంది. కొసకు దగ్గరగా కణుపు ఉండేలా కోసి, బోలులో గట్టి కర్ర బిరడా దిగ్గొట్టి, పైన ఇనుప పట్టీ చుట్టిన తర్వాతే చువ్వ రంధ్రం వేయాలి. వంకరగా ఉన్న బొంగును నిప్పు సెగ చూపి, మెల్లగా ఒత్తి తిన్నగా చేయవచ్చు. కాస్త వంపు మిగిలితే ఆ వంపు పైకి వచ్చేలా అమర్చడం అనుభవజ్ఞుల పద్ధతి. గుడ్డ బరువుకు అది సమమవుతుంది.

నిలబెట్టేటప్పుడే అసలు పరీక్ష

ఎంత మంచి రాట అయినా కింద పట్టు లేకపోతే వృథా. మెత్తని నేలలో, ఇసుకలో రాట మొదలు బరువుకు దిగబడిపోతుంది. మోకులు వదులై డేరా ఊగడం మొదలవుతుంది. రాట కింద వెడల్పాటి చెక్కదిమ్మె వేస్తే ఈ ఇబ్బంది ఉండదు. రాట మొదలు తడినేలకు తగలదు కాబట్టి కుళ్లడమూ తగ్గుతుంది. తీరం వెంట ఇసుకలో నిలువు మేకు పట్టు నిలుపుకోదు. అక్కడ బలమైన కర్ర ముక్కను అడ్డంగా గోతిలో పూడ్చి దానికి మోకు కడతారు. గట్టి నేలలోనైతే మేకు తల గుడారానికి దూరంగా వాలేలా ఏటవాలుగా దిగ్గొట్టాలి.

వాన విషయంలో మరో మెలకువ ఉంది. నూలు, జనుము మోకులు తడిస్తే కురుచవుతాయి. కాన్వాసు కూడా బిగుసుకుంటుంది. గాలి లేకపోయినా రాత్రి వానకు రాట విరిగిందంటే చాలాసార్లు కారణమిదే. తడిసిన మోకులు రాటను కిందికి నొక్కుతూ పోతాయి. అందుకే చినుకులు మొదలవగానే మోకులను కాస్త సడలించాలి. ఆరిన తర్వాత మళ్లీ బిగించాలి. నైలాను తాళ్లకు ఈ గుణం వేరు. తడిస్తే అవి సాగుతాయి, కాబట్టి వానలో వాటిని బిగించాల్సి వస్తుంది. డేరాకు ఏ తాడు కట్టారో తెలియకుండా దాన్ని కాపాడలేరు.

ఇనుప గొట్టాలు వచ్చాక..

ఇప్పుడు టెంటుహౌసుల్లో ఇనుప గొట్టాలదే రాజ్యం. అవి ఒకే కొలతలో దొరుకుతాయి. ఆరబెట్టే పని లేదు. పుచ్చవు, చెదలు పట్టవు. అదే మందమున్న కర్ర కన్నా దృఢంగానూ ఉంటాయి. ఈ సౌకర్యాలను కాదనలేం. కానీ ఇనుముకు ఒక స్వభావముంది. ఒరుసుకుపోయిన విద్యుత్తు తీగ ఒక్కచోట తగిలినా గుడారపు చట్రమంతా విద్యుత్తు ప్రవహిస్తుంది. 2019 జూన్ 23న రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లా జసోల్‌లో రామకథ జరుగుతుండగా గాలివానకు టెంటు కూలింది. విద్యుదాఘాతమూ తోడై కనీసం 14 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఆరిన కర్ర విద్యుత్తును దాదాపు ప్రసరింపజేయదు. తడిసిన కర్రకు ఆ భరోసా లేదు. కాబట్టి రాట కర్రదైనా, ఇనుముదైనా తీగలను దానికి నేరుగా చుట్టరాదు. కరెంటు లైన్ల కింద డేరా వేయరాదు. గాలివాన సూచన కనిపించగానే విద్యుత్తు సరఫరా ఆపి, జనాన్ని బయటకు పంపాలి. తాత్కాలిక నిర్మాణాలు, పందిళ్ల అగ్ని భద్రతకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 8758 పేరిట ప్రత్యేక సూచనలు ఇచ్చింది. డేరా వేయించేవారు వాటిని ఒకసారి చూడటం ఉత్తమం.

అద్దెకు తెచ్చే ముందు..

డేరా దించేవారిని నాలుగు విషయాలు అడిగి తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. రాటను ఒక కంటితో చూసి తిన్నగా ఉందా గమనించాలి. తల దగ్గర పొన్నును చేత్తో తిప్పి చూడాలి. అది కదిలితే కర్ర పచ్చిగా ఉన్నప్పుడు బిగించినదైనా కావాలి, పాతబడినదైనా కావాలి. మొదలు దగ్గర వేలిగోటితో గిచ్చి చూస్తే కుళ్లు బయటపడుతుంది. రాటను సుత్తితో మెల్లగా తడితే మంచి కర్ర ఖంగుమంటుంది. పుచ్చు కర్ర బొద్దుగా పలుకుతుంది. సన్నటి పిండి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్లే.

పని ముగిశాక రాటలను గోడకు చేరవేసి నిలబెట్టడం మరో పొరపాటు. నెలల తరబడి అలా వాలి ఉన్న కర్ర తన బరువుకే వంగుతుంది. తుడిచి, ఆరబెట్టి, నేలకు ఎత్తుగా అడ్డకర్రల మీద పడుకోబెడితే ఒకే రాట అనేక పెళ్లిళ్లు చూస్తుంది.

పందిరి రాటకు పసుపు రాసి, మామిడాకులు కట్టి, అక్షతలు వేసి మొక్కడం మన ఆచారం. ఇంటిల్లిపాదీ దాని నీడన కూర్చోబోతున్నారన్న ఎరుక ఆ మొక్కులో ఉంది. పచ్చి కర్రను హడావుడిగా పాతి దానికే పసుపు రాస్తే ఆ ఎరుక లేనట్లే. ఆరు నెలలు నీడన ఆరిన కర్రకు, సరిగ్గా దిగిన చువ్వకు, బిగిసిన పొన్నుకు ఖర్చయ్యేది కాస్త సమయం. ఈదురుగాలి లేచిన సాయంత్రం భోజనాల బంతి మధ్యలో ఆగకుండా కాపాడేది ఆ సమయమే.